పరమానందయ్యగారి రెండు హిట్ పాయింట్లు

గాబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు, "బ్రీ-యార్క్!" అని అరిచాయంటే లొంగిపోయినట్టు లెక్క అని కోటలోని సారా దుకాణంలో ఎవరో చెప్పారు. మేం నమ్మాం. ఊరికి కొత్తవాళ్ళం, నమ్మక ఏం చేస్తాం? మూడు వారాల తర్వాత ఒక కొండగుహలో, కాగడా వెలుగులో ఆరు గాబ్లిన్లు మా మీద పడ్డాయి. రెండు కూలాక మిగిలినవి గొంతు చించుకుని "బ్రీ-యార్క్! బ్రీ-యార్క్!" అన్నాయి. మా ఫైటరు కత్తి దించేశాడు. మా క్లెరిక్, అంటే జట్టులో పూజారి, దయాధర్మాల మీద చిన్న ఉపన్యాసం ఎత్తుకుంది. రెండు గాబ్లిన్లు వెనక గోడ వైపు పరిగెత్తాయి. ఆయుధాలు ఓ మూల పడేయడానికి వెళ్ళుంటాయిలే అనుకున్నాం.

గోడ తెరుచుకుంది. అవతలకి ఓ సంచీ విసిరాయి. అందులో రెండువందల యాభై బంగారు నాణేలున్నాయని తర్వాత తెలిసింది. అవి అందుకున్నవాడు ఓగర్. అద్దెకు దొరికే రాక్షసుడు. డబ్బు లెక్కపెట్టుకోకుండానే వచ్చేశాడు.

ఇదంతా జరిగింది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆటలో, 1993 నవంబరులో, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీ నగరంలో, ఓ పాత ఇంటి బేస్‌మెంటులో. వాషింగ్ మెషీనుకీ నీళ్ళ హీటరుకీ మధ్య మడత బల్ల. బల్ల చుట్టూ ఐదుగురం, ఒక కొసన మా డీఎం, అంటే డంజన్ మాస్టర్, కథ చెప్తూ ఆట నడిపేవాడు. బయట మైనస్ ఏదో డిగ్రీలు. నేను అనకాపల్లి నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలు.

*

మెకానికల్ ఇంజినీరింగులో ఎమ్మెస్‌కి వచ్చాను. వచ్చిన కొత్తల్లో నాతో ఎక్కువగా మాట్లాడింది బస్సు డ్రైవరే, అదీ "చిల్లర లేదు" అని. తెలుగువాళ్ళు క్యాంపస్‌కి అవతల వైపు నలుగురో ఐదుగురో ఉండేవాళ్ళు. అద్దె తక్కువని నేను ఇటువైపు, ఇద్దరు అమెరికన్లతో కలిసి చేరాను. వాళ్ళలో ఒకతను విస్కాన్సిన్‌లోనే పాడిపశువుల ఊరి నుంచి వచ్చినవాడు, చరిత్ర చదివేవాడు. మా డీఎం అతనే. శనివారం సాయంత్రం కాగానే ఓ అట్టపెట్టె చంకన పెట్టుకుని బేస్‌మెంటులోకి దిగిపోయేవాడు. అర్ధరాత్రి దాటాక గానీ పైకి రాడు. కింద నుంచి నవ్వులు, అరుపులు. ఒక శనివారం పప్పు మాడబెట్టుకుని దిగులుగా కూర్చున్న నన్ను చూసి, ఒకళ్ళు తగ్గారు, వస్తావా అన్నాడు. పేకాటేమో అనుకుంటూ వెళ్ళాను.

ఆ పెట్టె డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్. 1981లో వచ్చినది. అప్పటికే ఆ ఆటకు కొత్త ఎడిషన్లు, లావుపాటి గట్టి అట్టల పుస్తకాలు బజారులో ఉన్నాయి. మావాడికి అవి పడవు. వాళ్ళ అన్నయ్య వాడిన పాత పెట్టె తప్ప ఇంకేదీ ముట్టడు. లోపల 64 పేజీల నియమాల పుస్తకం, క్రేయాన్ ముక్కతో రుద్దితే తప్ప అంకెలు కనబడని నాసిరకం ప్లాస్టిక్ పాచికలు, దాంతోపాటు వచ్చిన పలచటి మాడ్యూలు. మాడ్యూలు అంటే ఒక సాహసానికి సరిపడా సరంజామా: ఏ గదిలో ఏముంది, ఎవరున్నారు, ఏం దాచారు. దాని పేరు ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్. ఈ ఆటని తయారుచేసినవాళ్ళలో ఒకరైన గారీ గైగాక్స్ రాసినది. అట్ట విడిగా ఊడివస్తుంది. లోపలి వైపు నీలి సిరాతో గుహల పటం. దాన్ని బల్ల మీద తెరలా నిలబెట్టుకుని డీఎం వెనకాల కూర్చుంటాడు. పటం వాడికి మాత్రమే కనిపిస్తుంది. మనకు వాడు చెప్పిందే లోకం.

నాకు తెలిసిన ఆటల్లో దేనికీ అది అందలేదు. అష్టాచెమ్మాకి గళ్ళుంటాయి. వైకుంఠపాళికి నిచ్చెనా పామూ ఉంటాయి, ఆఖర్న పరమపదం ఉంటుంది. దీనికి బోర్డు లేదు, కాయల్లేవు, గెలవడమంటూ లేదు. డీఎం చెప్తాడు: "ఇరుకు లోయ. రెండు పక్కలా రాతి గోడలు. చెట్ల కొమ్మల మీద కాకులు. గోడల్లో అక్కడక్కడ గుహల నోళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి." చెప్పి ఆగుతాడు. ఒక్కొక్కరి మొహంలోకీ చూసి అడుగుతాడు: "నువ్వేం చేస్తావు?"

మొదటిసారి నన్నడిగినప్పుడు నేను అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "ఆప్షన్లు ఏమున్నాయి?" అన్నాను.

అందరూ నవ్వారు. నేను జోక్ వెయ్యలేదు. పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా, అక్కణ్ణుంచి జీఆర్‌ఈ దాకా నన్ను ఎవరు ఏది అడిగినా కింద నాలుగైదు జవాబులు ఇచ్చి అడిగారు. పనికిరానివి కొట్టేస్తే మిగిలినవాటిలో ఏదో ఒకటి. వీడేమో ఖాళీ కాగితం ఇచ్చి అడుగుతున్నాడు. గుహలోకి వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు, చెట్టెక్కి కూర్చోవచ్చు, కాకులకి గింజలు వెయ్యొచ్చు. కాకులకి గింజలేస్తే ఏమవుతుంది అనడిగాను. "వేసి చూడు" అన్నాడు. వేశాను. కాకులు దిగి తిన్నాయి. అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ జరగకపోవడం కూడా వాడు ఎంత బాగా చెప్పాడో! గింజలు పొడుస్తున్న చప్పుడుకి మా డ్వార్ఫ్ కంగారుపడి గొడ్డలి తీశాడట.

*

నా క్యారెక్టర్ గురించి చెప్పాలి. మూడు పాచికలు ఆరుసార్లు వెయ్యాలి: బలం, తెలివి, వివేకం, చురుకుతనం, ఒంటి గట్టిదనం, ఆకర్షణ. పడ్డవి పడ్డట్టు వరసగా రాసుకోవాలి, అటూ ఇటూ మార్చుకోవడం లేదు. తెలివి 16 పడింది, బలం 5. ఇక మ్యాజిక్ యూజర్ తప్ప గతిలేదు. మంత్రగాడికి కవచం ఉండదు, బాకు తప్ప ఆయుధం ఉండదు, మొదటి లెవెల్లో రోజుకి ఒకే ఒక్క మంత్రం. ప్రాణం ఎంతో తేల్చేది నాలుగు ముఖాల పాచిక. దాని మీద రెండు పడింది. రెండు హిట్ పాయింట్లు. పిల్లి గీరినా పోతాడు.

పేరేమిటన్నారు. మిగతావాళ్ళవన్నీ థోర్ గీర్ అని ఉరుముల్లా ఉన్నాయి. రెండు హిట్ పాయింట్లవాడికి అలాంటి పేరు పెడితే బాగుండదనిపించి పరమానందయ్య అన్నాను. పలకలేక "పారా" చేసేశారు. ఆయనెవరని అడిగితే, మా దేశంలో పెద్ద గురువు, శిష్యులందరూ శుద్ధ మొద్దులు, చెప్పిన పనల్లా తలకిందులుగా చేసేవాళ్ళు అన్నాను. మా థీఫు ఆడేవాడు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాడు వెంటనే, "అయితే మేమే శిష్యులం" అన్నాడు.

నా ఒక్క మంత్రం నిద్ర మంత్రం. అదెంత గొప్పదో చిన్న లెవెల్లో ఆడినవాళ్ళకి తెలుసు. గుంపుకి గుంపు గురక పెట్టాల్సిందే, తప్పించుకునే పాచిక కూడా లేదు. నేను నోరు విప్పితే యుద్ధం అయిపోతుంది. తర్వాత రోజంతా నేను పనికిరాని ముసలాయన్ని, కాగడా పట్టుకునేవాణ్ణి.

ఈ కేవ్స్ ఆఫ్ కేయాస్ అనే లోయలో ఒక్కో గుహలో ఒక్కో జాతి కాపురం. కోబోల్డులు, ఓర్కులు రెండు ముఠాలు, గాబ్లిన్లు, హాబ్‌గాబ్లిన్లు, నోల్‌లు, బగ్‌బేర్లు, ఒకచోట మినటార్, అన్నిటికీ పైన దుష్టపూజలు చేసే గుడి. పక్కపక్క ఇళ్ళలో ఇన్ని జాతులు ఒకర్నొకరు తినెయ్యకుండా ఎలా ఉంటున్నాయని మా క్లెరిక్ అడిగేది. ఆవిడ చదివేది సోషల్ వర్క్. నాకైతే ఏ అనుమానమూ రాలేదు. మా వీధిలో ఒకే గోడకి అటూ ఇటూ ఇరవై ఏళ్ళు మాటల్లేకుండా బతికిన అన్నదమ్ముల కుటుంబాలున్నాయి.

కోబోల్డుల గుహ గుమ్మంలోనే పదడుగుల గొయ్యి. మొదటి రోజే అందులో ఇద్దరం పడ్డాం. అప్పట్నుంచి పదడుగుల కర్ర లేకుండా అడుగు వెయ్యలేదు. అదో జబ్బులా పట్టుకుంది. ముందు కర్రతో నేల పొడవడం, తర్వాత అడుగెయ్యడం. క్యాంపస్‌లో మంచు పేరుకున్న మెట్ల మీద నడిచేటప్పుడు కూడా మనసులో ఒక కర్ర ఉండేది నాకు.

సరే, ఓగర్ దగ్గరికి వద్దాం. ఆ పొద్దునే ఇంకో గదిలో నా మంత్రం వాడేసుకున్నాను. ఓగర్‌ని కూడా ఆ మంత్రం నిద్రపుచ్చగలదు, అదీ బాధ. డీఎం నావైపు తిరిగాడు. "నువ్వేం చేస్తావు?" అప్పటికి ఆప్షన్లు అడగడం మానేశాను. "నా దగ్గర ఇంకో సంచీ ఉందని చెప్తాను. దీనికి రెట్టింపు బంగారం ఉందని" అన్నాను. నా దగ్గరున్నవి పదకొండు నాణేలు. డీఎం కాసేపు ఆలోచించాడు. రెండు పాచికలు వేశాడు. "ఆగాడు. చూపించమంటున్నాడు" అన్నాడు.

ఆ క్షణంలో బల్ల చుట్టూ ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు. సంచీ విప్పుతున్నట్టు నటిస్తూ మాటలు సాగదీశాను. నా ఇంగ్లీషు ఎప్పుడూ అంత ధారగా రాలేదు. కోట అధికారి మా మావయ్య అన్నాను. మా ఊళ్ళో బెల్లం మిల్లు ఉందన్నాను. బెల్లం అంటే ఏమిటో ఓగర్‌కి వివరించాను. ఈలోగా మా థీఫు వెనక నుంచి వెళ్ళి పొడవాలి. పాచిక వేశాడు, తప్పింది. ఓగర్‌కి విషయం అర్థమైంది. పది ముఖాల పాచిక దొర్లి ఏడు దగ్గర ఆగింది.

రెండులోంచి ఏడు పోతే ఎంతో డీఎం నన్నే లెక్క చెప్పమన్నాడు.

పైకొచ్చి పడుకున్నాక కూడా నవ్వొస్తూనే ఉంది. మూడు నెలల్లో మొదటిసారి ఇంటి మీద బెంగ లేకుండా నిద్రపోయాను. మర్నాడు డీఎం ఆ పేజీ తీసి చూపించాడు. సారా దుకాణంలో వినిపించే కబుర్ల పట్టిక ఒకటుంది, మొత్తం ఇరవై. కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. బ్రీ-యార్క్ గురించి మేం విన్నది అబద్ధం. అసలు అర్థం లొంగిపోవడం కాదు. పాతకాలం సర్కస్ వాళ్ళు ఊరివాళ్ళతో తగువొస్తే తమవాళ్ళందర్నీ కేకేసి పిలుచుకునేవాళ్ళట, ఆ తరహా కేక. "అందరూ రండహో" అని.

*

అమ్మకి ఫోన్ చేసేవాణ్ణి, నెలకోసారి. నిమిషానికి డాలరు పైనే, అందుకని చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకుని చేసేవాణ్ణి. ఓసారి, శనివారాలు ఏం చేస్తున్నావని అడిగింది. స్నేహితులతో ఆడుకుంటున్నానన్నాను. ఏం ఆట? నోరుజారి పాచికలతో ఆడేదన్నాను.

"ఏటీ, పాచికలా?"

అదికాదమ్మా, డబ్బులు పెట్టి కాదు, కథ ఒకటి...

"ధర్మరాజు కూడా మొదట అలాగే అనుకునుంటాడు నాన్నా."

దీనికి జవాబు చెప్పాలంటే పది డాలర్లు అవుతాయి. ఇకపై ఆడనని అబద్ధం చెప్పి పెట్టేశాను. ఈ సంగతి బేస్‌మెంటులో చెప్తే మా డీఎం నవ్వలేదు. వాళ్ళమ్మ అయితే పుస్తకాలే తగలబెట్టిందట. ఎనభైల్లో అక్కడ ఈ ఆట సైతాను పూజ అనీ, పిల్లలు పాడైపోతారనీ పెద్ద గోల నడిచింది. చర్చిలో ఎవరో ఉపన్యాసం ఇస్తే ఆవిడ అదే రోజు రాత్రి పెరట్లో మంట పెట్టింది. ఈ ఒక్క పెట్టె అమ్మమ్మగారింట్లో ఉండబట్టి మిగిలింది. వాళ్ళమ్మకి సైతాను భయం, మా అమ్మకి శకుని భయం. ఇద్దరు తల్లులనీ ఒకచోట కూర్చోబెడితే బాగుండునని అనుకునేవాళ్ళం.

*

పరమానందయ్య పోయాక ఆయన శిష్యుణ్ణి తెచ్చాను. వాడు బగ్‌బేర్ల దగ్గర పోయాడు. ఇంకో శిష్యుడు. గురువు తెలివితక్కువ శిష్యుల్ని ఎందుకంతమందిని పెట్టుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. ఐదో శిష్యుడు మాత్రం బాగా పైకొచ్చాడు. వాణ్ణి తీసుకుని 1994 వసంతంలో టూమ్ ఆఫ్ హారర్స్ అనే ఇంకో మాడ్యూలుకి వెళ్ళాం.

దీన్ని గురించి రకరకాలుగా చెప్తారు. గైగాక్స్ దీన్ని 1975లో ఒక ఆటల సభలో ఆడించి, 1978లో అచ్చువేశాడు. తన బల్ల దగ్గర మాకెదురులేదని విర్రవీగే ఆటగాళ్ళ కోసం తయారుచేసిన సమాధి. రాక్షసులు పెద్దగా ఉండవు. ఉన్నవన్నీ ఉచ్చులే. మొత్తం మూడు దారులు కనిపిస్తాయి, అందులో రెండు దొంగవి. ఒకదాంట్లోకి వెళ్తే కప్పు కూలుతుంది, ఇంకోదాంట్లో వెనక రాయి జరిగి మూసుకుంటుంది. దీనితోపాటు బొమ్మల పుస్తకం ఒకటి వస్తుంది. ఒక్కో చోటుకి చేరగానే డీఎం ఆ బొమ్మ మాత్రం తెరిచి చూపిస్తాడు.

అసలు దారి పొడుగునా నేల మీద ఎర్ర పలకల బాట. ఆ బాటలోనే సమాధి యజమాని అసెరెరాక్ రాసిపెట్టిన పొడుపు పద్యం. చివర గోడ మీద పచ్చటి దయ్యం మొహం, నోరు బార్లా తెరుచుకుని. నోట్లో చిమ్మచీకటి.

నేను ఏం చేశానో మీరు ఊహించగలరు. పదడుగుల కర్ర నోట్లో పెట్టాను. "సగం కర్ర వెనక్కొచ్చింది" అన్నాడు డీఎం. కొస ఎలా ఉంది? నున్నగా కోసినట్టుంది. విరిగినట్టు కాదు.

అక్కడితో ఆగాల్సింది. మా ఫిజిక్స్ థీఫు ఆగలేదు. పద్యంలో పచ్చరంగుకు దూరంగా ఉండమని ఉంది, ఆ వెంటనే రాత్రి రంగు మహాధైర్యవంతులకి అన్న అర్థంలో మరో మాట ఉంది. "మొహం పచ్చగా ఉంది, నోరు నల్లగా ఉంది. మొహం ముట్టుకోకుండా నోట్లోకి దూకమని కదా దానర్థం" అన్నాడు. మరి కర్ర? "కర్ర రాలేదంటే అవతలికి చేరిపోయిందనే." నాకు ఇంకా మాటలు వెతుక్కునే రోజులే. వాడికేమో మాటలకి కరువు లేదు. పైగా పీహెచ్‌డీ. దూకాడు.

డీఎం ఏమీ వర్ణించలేదు. బొమ్మల పుస్తకం మూసేసి, పెన్సిలూ కొత్త కాగితమూ వాడివైపు తోశాడు. ఆ నోట్లో ఉన్నది దేన్నైనా లేకుండా చేసే నల్లగోళం. శవం కూడా ఉండదు, బతికించడానికి.

ఆ రాత్రి ముగ్గురు పోయారు. నా ఐదో శిష్యుడు ఇంకో మూడు గదులు చూసి పోయాడు. నిజం చెప్పాలంటే ఆ సమాధి నాకు నచ్చలేదు. మేం ఏం చేస్తామన్న దానితో దానికి పని లేదు. ఒకే ఒక్క సరైన జవాబు ఎక్కడో దాచిపెట్టి, తప్పు చెప్పినవాణ్ణి చంపుతుంది. నాకు వైవా పరీక్షలు గుర్తొచ్చాయి. ఆడుతున్నప్పటి కంటే తర్వాత చెప్పుకోవడానికి బాగుండే రకం. ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు కూడా చెప్పాను కదా.

రేవెన్‌లాఫ్ట్ అలా కాదు. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాసిన రక్తపిశాచి కోట కథ. హాలోవీన్ రాత్రి ఆడాం. మొదట్లో ఓ జిప్సీ ముసలమ్మ మామూలు పేకముక్కలు పరిచి జోస్యం చెప్తుంది. ఆ ముక్కల్ని బట్టే కోటలో ఏ వస్తువు ఎక్కడుందో, జమీందారు స్ట్రాడ్ ఎత్తుగడ ఏమిటో నిర్ణయమవుతుంది. అంటే డీఎంకి కూడా ముందు తెలియదు. ఆ రాత్రి గురించి నాకు భయం కంటే పటమే ఎక్కువ గుర్తుంది. కోట పటం మొత్తం ఐసోమెట్రిక్‌లో, అంటే పొడవూ వెడల్పూ ఎత్తూ ఒకేసారి కనిపించేలా గీశారు. ఆట అయిపోయాక మావాడు చూపిస్తే గంటసేపు వదల్లేదు. ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగులో ఆ కోణాలు గీయలేక ఏడ్చినవాణ్ణి. ఇలాంటి కోట ఇచ్చి గీయమంటే నాకు డిస్టింక్షన్ వచ్చుండేది.

*

మాకు గంట దూరంలోనే లేక్ జెనీవా. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి తయారుచేసిన ఈ ఆటని గైగాక్స్ 1974లో వెయ్యి పెట్టెలుగా అచ్చేసి అమ్మకం మొదలుపెట్టిన ఊరు. అప్పట్లో ఏటా ఆగస్టులో మిల్వాకీలో జరిగిన ఆటల తిరనాళ్ళ జెన్ కాన్‌కి ఆ పేరు కూడా ఆ జెనీవా నుంచి వచ్చిందే. తొలిసారి 1968లో ఆ ఊరి హార్టికల్చరల్ హాల్లో జరిగింది. ఓ ఆదివారం మావాడి కారులో వెళ్ళాం. గుహలూ కోటలూ పుట్టిన ఊరంటే ఏదో మబ్బులు కమ్మి ఉంటుందని ఊహించుకున్నాను. చక్కటి సరస్సు, తెల్లటి పడవలు, ఐస్‌క్రీములు తింటున్న ముసలి దంపతులు. అప్పటికే 1985లో ఈ ఆట అచ్చేసే కంపెనీ మీద పట్టు గైగాక్స్ చేతుల్లోంచి జారిపోయింది. నేను చదువు ముగించుకుని ఉద్యోగంలో పడ్డాక, 1997లో ఆ కంపెనీని కూడా వేరేవాళ్ళు కొనేశారు. 2008 మార్చిలో ఆయన పోయారని హైదరాబాదులో ఆఫీసు లిఫ్టులో చదివాను. పక్కనున్న వాళ్ళెవరికీ చెప్పే వీలు లేని వార్త. ఎవరని అడిగితే బ్రీ-యార్క్ దగ్గర మొదలుపెట్టాలి.

*

1995 జనవరిలో మా డీఎంకి థీసిస్ పని మీదపడింది. ఈ నెల నువ్వు నడపమని పెట్టె నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో మూడు గంటలు కథ చెప్పాలి. టెన్షన్‌తో రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఏం ఆడించాలి? కీప్ మాడ్యూల్లోనే ఓ చిత్రం ఉంది. చుట్టుపక్కల అడవి పటంలో ఒకచోట "తెలియని గుహ" అని గుర్తు పెట్టి వదిలేశారు. లోపల ఏముందో రాయలేదు. అది డీఎం సొంతంగా నింపుకోవాలి. ఏడాదికి పైగా మేం దాని పక్కనుంచే వెళ్ళేవాళ్ళం. ఆ గుహ నాకు కావాలన్నాను.

నేను నిజంగా దిగిన గుహ ఒకటే, బొర్రా. ఆరో తరగతిలో నాన్న తీసుకెళ్ళారు. తెల్లవారుజామున విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరం గోల పెట్టేవాళ్ళం. గుహలో చల్లదనం, పైనుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు, వేల ఏళ్ళుగా ఆ నీటిలోని సున్నం పేరుకుని పైనుంచి కిందికీ కిందనుంచి పైకీ పెరిగిన రాళ్ళు. దారి చూపించేవాడు ఒక్కో రాయి మీదా వెలుగు పడేసి ఇది శివుడు, ఇది తల్లీబిడ్డ అని చెప్తుంటే, చెప్పాక అలాగే కనబడేవి. చెప్పకముందు ఉట్టి రాళ్ళు. గోస్తనీ నది ఆ గుహల్లోంచే పారుతుంది. ఓ ఆవు పైన మేస్తూ కప్పులోని కన్నంలోంచి లోపల పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవు క్షేమంగా కనిపించిందనీ, దాని పక్కన శివలింగం ఉందనీ ఆ పక్కవాళ్ళు చెప్పుకుంటారు.

గ్రాఫు కాగితం మీద గుహ గీశాను. అడుగున, చీకట్లో ఓ పెద్ద రాక్షసి సాలీడుని పెట్టాను, నాలుగు లెవెళ్ళ కష్టం. ఆవు కేవలం ఎర. కాపరి కుర్రాడు ఏడుస్తూ వస్తాడు, వీళ్ళు దిగుతారు, సాలీడు మీద పడుతుంది. నా పథకం అది.

శనివారం రాత్రి తెర వెనక నేను కూర్చున్నాను. అమ్మ పంపిన జంతికలు బల్ల మధ్యన పెట్టాను. కప్పులో కన్నం, కింద ఎక్కడో ఆవు అరుపు, నీటి బొట్ల చప్పుడు చెప్పాను. "మీరేం చేస్తారు?" అని అడిగాను. అడగ్గానే అర్థమైంది, వీళ్ళు ఏం చెప్తారో నాకు తెలియదు.

సాలీడు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అసలు దాని దాకా రానేలేదు. తాళ్ళు దించి ఆవు దగ్గరికి చేరారు. కాలు విరిగిందా అని అడిగారు. ఆవు బరువెంత? కడుపుతో ఉందా? మా డీఎం ఇప్పుడు మామూలు ఆటగాడు కదా, పాడి ఊరివాడు, ఆవుకి పట్టీ ఎక్కడ కట్టాలో ఎక్కడ కట్టకూడదో నాకు బొమ్మ గీసి చూపించాడు. థీఫు రెండు పదడుగుల కర్రలు, చెట్టు కొమ్మ, కప్పీలతో ఓ యంత్రం లెక్కగట్టాడు. నేను మెకానికల్‌వాణ్ణి కనక ఊరుకోలేదు, ఆ కొమ్మ ఆగదన్నాను. ఇద్దరం పావుగంట వాదించుకున్నాం. ఆవుకి హిట్ పాయింట్లు ఎన్ని అని క్లెరిక్ అడిగింది. పుస్తకంలో ఎక్కడా లేదు. పద్నాలుగు అన్నాను.

ఒంటిగంట అయింది. అందరూ తాళ్ళు పట్టుకున్నారు. బలం పాచికలు వెయ్యాలి, కలిపి లాగాలి. ఎవరో "బ్రీ-యార్క్!" అని కేకేశారు. ఈసారి దాని అసలు అర్థంలోనే: అందరూ రండహో. ఆవు పదడుగులు లేచి మళ్ళీ జారింది. "మీ ఊళ్ళో అందరూ కలిసి ఏదైనా లాగేటప్పుడు ఏమని అరుస్తారు?" అని మా డీఎం అడిగాడు. పూడిమడకలో తీరం మీద పెద్ద వల లాగే జాలర్లు గుర్తొచ్చారు. చెప్పాను. ఒకళ్ళు ముందు అంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు అన్నాను.

లేచి నిలబడ్డారు. లేని తాడు పట్టుకున్నారు, లేని నేలకి కాళ్ళు తన్నిపెట్టారు. నేను ముందు అన్నాను, మిగతావాళ్ళు అందుకున్నారు. "హైలెస్సా!" పాచిక వెయ్యడం. "హైలెస్సా!" ఇంకో పాచిక. నీళ్ళ హీటరు మీద డబ్బాలు అదిరాయి. నాలుగోసారికి పైనుంచి ఇంటావిడ చీపురు కర్రతో దబదబా నేల కొట్టి, కింద ఏం చేస్తున్నారని అరిచింది.

"ఆవుని లాగుతున్నాం, అయిపోవచ్చింది" అన్నాడు మా థీఫు.